ఎదురీత యలమంద

పర్చూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో మైకు కట్టినా, దాని ముందు ఎప్పుడో ఒకప్పుడు యలమంద నిలబడి తీరేవాడు. బడిలో జెండా పండగ కానీయండి, పంతులుగారి రిటైర్మెంటు కానీయండి, పురుగుమందుల కంపెనీ వాళ్ళు బిర్యానీ పెట్టి రైతులకి జరిపే మీటింగు కానీయండి, "మన యలమందని రెండు ముక్కలు మాట్లాడమందాం" అని ఎవరో ఒకరు అనేవారు. ఎవరూ అనకపోతే అతనే గట్టిగా దగ్గేవాడు. ఆ రెండు ముక్కలూ బిర్యానీ చల్లారేదాకా సాగేవి.

అతని దగ్గరున్నది ఒకటే ఉపన్యాసం. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. ఉన్న ఒక్క పట్టుపంచెనీ ఇస్త్రీ చేయించుకుని అన్ని పెళ్ళిళ్ళకీ కట్టుకెళ్ళినట్టు, ఆ ఒక్క ఉపన్యాసాన్నే మడతలు మార్చి వాడేవాడు. జీవితం ఒక ప్రవాహం. అది ఎటు లాగితే అటు పోయేది తాటిమట్ట. మనిషన్నవాడు ఎదురీదాలి. ఇక్కడ ఒక క్షణం ఆగి, కుడిచెయ్యి గాల్లో బారలా చాచి, "ఎదురీదాలి!" అని రెండోసారి అనేవాడు. చప్పట్లు పడేవి. ఒకసారి ఒక పెద్దాయన పెద్దకర్మకి కూడా ఇదే మాట్లాడి, "ఆయన చివరి నిమిషం దాకా మృత్యువుకి ఎదురీదారు" అన్నాడు. ఆ పెద్దాయన ఆవకాయ అన్నం తిని, మంచం మీద నడుం వాల్చి, నిద్రలోనే పోయాడు. ఆ సంగతి యలమందకి మైకు వదిలాక గుర్తొచ్చింది.

ఊళ్ళో అతనికి ఎదురీత యలమంద అని పేరు. ముందు వెటకారంగా పెట్టారు, తర్వాత అలవాటైపోయింది. పేరుకి తగ్గట్టు ఈత మాత్రం నిజంగా వచ్చు. కొమ్మమూరు కాలువలో పుట్టి పెరిగినవాడిలా ఈదేవాడు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు వంతెన మీద నుంచి దూకి, నీటికి ఎదురు తిరిగి, ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు చేతులాపి చూసేలా వెళ్ళేవాడు. యాభైకి దగ్గర పడ్డా ఆ సరదా తగ్గలేదు. ఆయాసం మాత్రం వచ్చి చేరింది.

ఒకే మాటని ఇంతమంది ముందు ఇన్నిసార్లు చెప్పినవాడికి ఒక చిక్కుంటుంది. ఆ మాట ఊరందరికీ గుర్తుంటుంది. అతనికి ఎదురు మాట్లాడడానికి ఇంకెవరూ అక్కర్లేదు, అతని మాటే చాలు.

ఆ ఏడు యలమంద మిరప తోట పోయింది. పోయిందని ఊళ్ళో ఎవరూ పైకి అనడం లేదంతే. నల్లరేగడి నేలలో, వానలు కూడా సరిగ్గా పడిన ఏడు, మొక్కలు మోకాలెత్తు లేచి ఆగిపోయాయి. ఆకులు పైకి ముడుచుకుపోయి దొప్పల్లా అయ్యాయి. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లటి నలుసుల్లాంటి పురుగులు కదులుతూ కనిపించేవి. పురుగులు అంటుకోవాలని పసుపు అట్టలకి, నీలం అట్టలకి జిగురు పూసి చేనంతా కట్టాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి అక్కడేదో తిరణాల జరుగుతున్నట్టుండేది. వచ్చిన ప్రతి మందూ కొట్టాడు. షాపువాడు కొత్త డబ్బా తీసి ముందు పెట్టినప్పుడల్లా, దాని మీద బొమ్మ చూసి, ఇది పనిచేస్తుందని నమ్మాడు. నమ్మకం విషయంలో అతనికి లోటు లేదు.

దసరా వెళ్ళగానే వెంకటరావమ్మ చెప్పింది. ఆవిడ అతని భార్య. మాటలు తక్కువ, చెప్పినవి మళ్ళీ చెప్పదు.

"ఏవయ్యా, ఇంక అది లేవదు. పీకేసి శనగ ఎయ్యి. నేలలో ఇంకా తడి పదునుంది."

ఆవిడ చెప్పింది నిజమని అతనికి ఆ క్షణమే తెలిసిపోయింది. కానీ నోరు దానికదే తెరుచుకుంది. "కష్టం వచ్చిందని చేతులెత్తేస్తామంటే..." అని మొదలుపెట్టి, కుడిచెయ్యి పైకి లేస్తుంటే తనే చూసుకుని కిందకి దించుకున్నాడు. వెంకటరావమ్మ అప్పటికే బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

మిరప పీకడమంటే ఆ ఊళ్ళో అందరూ చూస్తుండగా ఓడిపోవడమే. తోటలన్నీ అలాగే ఉన్నాయి. అందరూ పొద్దున్నే గట్ల మీద నిలబడి పక్కవాడి చేను వంక చూసేవాళ్ళు. ముందు ఎవడు దున్నుతాడా అని చూడడం, వాడు దున్నితే "పాపం, చేతులెత్తేశాడు" అని చెప్పుకుని, ఆ మర్నాడు తామూ దున్నడం. ఆ మొదటివాడు తాను కాకూడదన్నదే అందరి పట్టుదలా. మరి ఊళ్ళో మిగతావాళ్ళే అలా ఉంటే, ఎదురీత అని పేరు మోస్తున్నవాడి సంగతి చెప్పేదేముంది?

పైగా అతనికి ఇంకో సాకు కూడా దొరికింది. ఆ సాకు పేరు సిలార్.

సిలార్ యలమంద కంటే పదేళ్ళు చిన్నవాడు. పక్క చేను కౌలుకి చేస్తున్నాడు. వ్యవసాయం లేని రోజుల్లో ట్రక్కు ఆటో తోలేవాడు. భార్య నజ్మీన్ ఇంట్లో మిషను కుట్టేది. సిలార్‌కి యలమంద అంటే గురి. యలమంద ఏ విత్తనం కొంటే ఆ విత్తనమే కొనేవాడు. నారు ఏ వారం నాటితే ఆ వారమే నాటేవాడు. ఏ విషయం చెప్పినా "నీ ఇష్టం అన్నా" అనేవాడు. ఈ ఏడు కూడా, పొద్దున యలమంద మందు కొడితే, మధ్యాహ్నానికి సిలార్ పంపు మోత వినిపించేది. ఆ మోత వింటే యలమందకి గుండె నిండేది. 'నేను దున్నేస్తే వీడేమైపోతాడు? నన్ను చూసుకునే కదా నిలబడ్డాడు' అనుకునేవాడు. తన భయానికి త్యాగమని పేరు పెట్టుకుంటున్నానని లోపల ఒక గొంతు అనేది. ఆ గొంతుకి మైకు లేదు కాబట్టి దాని మాట ఎవరికీ వినపడేది కాదు.

కార్తీక పౌర్ణమి వచ్చింది. ఏటా ఆ రోజు ఊళ్ళో ఆడవాళ్ళు చీరాల ఓడరేవుకి సముద్రస్నానానికి వెళతారు. ఏటా సిలార్ ట్రక్కు ఆటోలోనే వెళతారు. ఏటా యలమంద తోడు వెళతాడు, ఆడవాళ్ళని నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలకూడదని. కాలువ ఈతగాడు ఉంటే ధైర్యమని వాళ్ళూ అనేవారు. నజ్మీన్ కూడా ముందు సీట్లో కూర్చుని వచ్చింది. ఆవిడకి సముద్రమంటే ఇష్టం. నీళ్ళలోకి మాత్రం దిగదు, ఇసుకలో కూర్చుని మరమరాలు తింటూ చూస్తుంది.

ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు. అలలు విరిగే చోట తోపులాట. యలమంద తన గుంపుని ఆ తోపులాటలోంచి తప్పించి, ఇంకాస్త దూరం నడిపించాడు. అక్కడ ఒక చోటు కనిపించింది. అటు అలలు విరుగుతున్నాయి, ఇటు విరుగుతున్నాయి. మధ్యలో వీధంత వెడల్పున నీళ్ళు నున్నగా, నిదానంగా ఉన్నాయి. నురగ లేదు, చప్పుడు లేదు. అచ్చం కాలువ రేవులా ఉంది.

"చూశారా? చూసే కన్నుండాలి. జనమంతా అలల్లో పడి దొర్లుతున్నారు. రేవు ఇక్కడుంటే!" అన్నాడు.

ఆ రేవు పక్కనే ఒక రేకు బోర్డు ఉంది. పోలీసులు పెట్టించింది. 'ఇక్కడ లోపలికి లాగే ప్రవాహం ఉంది. స్నానం చేయరాదు. కొట్టుకుపోతే ఒడ్డు వైపుకు ఎదురీదవద్దు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి.'

యలమంద బోర్డు పూర్తిగా చదివాడు. చదవకుండా దిగాడని తర్వాత ఊళ్ళో అన్నారు కానీ, అది తప్పు. చదివే దిగాడు. 'ఎదురీదవద్దు' అన్న మాట దగ్గర ఆగి, ఆ మాట ఎవరో పనిగట్టుకుని తన మీద రాయించినట్టు నొచ్చుకున్నాడు. 

"పక్కకి ఈదడమంట! ఎవడో ఈత రానోడు రాసుంటాడు," అన్నాడు.

"అన్నా, బోర్డు పెట్టారంటే ఏదో ఉండుద్ది," అన్నాడు సిలార్ వెనకనుంచి.

"నిదానంగా ఉన్న నీళ్ళని చూసి భయపడే వాణ్ణి నిన్నే చూశాన్రా."

"నీ ఇష్టం అన్నా," అన్నాడు సిలార్.

వెంకటరావమ్మ చీలమండల దాకా దిగి ఆగిపోయింది. మిగతా ఆడవాళ్ళు ఆవిడని చూసి ఆగారు. లోతు చూసి చెబుతానని యలమంద పంచె బిగించి ముందుకు నడిచాడు. మోకాలు, నడుము, ఛాతీ. ఒడ్డుకి తిరిగి, రండి రండి అని చెయ్యి ఊపాడు. ఊపుతుండగానే కాళ్ళ కింద ఇసుక జారింది.

నీళ్ళు లాగుతున్నాయని మొదట అతనికి తెలియనేలేదు. ఒడ్డే వెనక్కి జరుగుతోందేమిటా అనుకున్నాడు. వెంకటరావమ్మ చిన్నదైంది. బోర్డు చిన్నదైంది. అప్పుడు అర్థమై, నవ్వుకున్నాడు కూడా. లాగే నీళ్ళు తనకి కొత్తా? ఒడ్డుకి ఎదురుగా తిరిగి బారలు వేయడం మొదలుపెట్టాడు. కాలువలో వేసే బారలే. ఓపికంతా పెట్టి వేసి, తలెత్తి చూస్తే ఒడ్డు ఇంకా దూరంగా ఉంది.

మళ్ళీ వేశాడు. కాలువకి పక్కనే గట్టుంటుంది. ఎంత లాగినా ఒక మూలకి చేరి గడ్డి పట్టుకోవచ్చు. ఈ నీళ్ళు గట్టు దగ్గర్నుంచే బయలుదేరి లోపలికి పోతున్నాయి. ఆ సంగతి బుర్రకెక్కేసరికి భుజాలు రాళ్ళయ్యాయి. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. పక్కకి ఈదమన్న బోర్డు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా తిరగలేదు. ఒడ్డున ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. పక్కకి తిరిగితే యలమందకి చేతకాలేదనుకుంటారు. ప్రాణం పోతున్నప్పుడు మనిషికి దేవుడు గుర్తొస్తాడంటారు. యలమందకి జనం గుర్తొచ్చారు.

అప్పుడు చూశాడు. సిలార్ వస్తున్నాడు.

సిలార్‌కి ఈత అంతంత మాత్రం. ఆటోలో అందరికీ తెచ్చిన మంచినీళ్ళ టిన్నుని ఇసుకలో బోర్లించి, మూత బిగించి, దాన్ని పొట్ట కింద పెట్టుకుని, కాళ్ళు టపటపా కొట్టుకుంటూ ఆ నున్నటి నీళ్ళలోకే దిగాడు. అన్న దిగిన చోటే దిగాడు. అన్న వెళ్ళిన దారినే వస్తున్నాడు. నీళ్ళు వాణ్ణి కూడా పట్టుకున్నాయి.

యలమందకి అప్పుడు భయమేసింది. తన కోసం అంత భయపడలేదు. "సిలారూ! ఎనక్కి పో! నా ఎనక రాబాకరా! పో!" అని గొంతు చించుకుని అరిచాడు. అంత పెద్ద గొంతుతో ఏ సభలోనూ అరవలేదు. సిలార్‌కి వినపడలేదో, వినపడినా వెనక్కి వెళ్ళడం వాడి చేతుల్లో లేదో, వచ్చి టిన్ను ముందుకి తోశాడు. ఇద్దరూ దానికి చెరోవైపు వేలాడారు.

"ఎటు ఈదాలన్నా?" అని రొప్పుతూ అడిగాడు సిలార్.

ఎదురీత యలమంద అటూ ఇటూ చూశాడు. చేతుల్లో సత్తువ లేదు. "తెలీదురా," అన్నాడు. పెద్దయ్యాక ఆ మాట అనడం బహుశా అదే మొదటిసారి.

అందుకని ఊరికే తేలారు. వాళ్ళు చేసిన తెలివైన పని అదొక్కటే. అదీ తెలివితో కాదు, ఓపిక లేక. అలలు విరిగే చోటు దాటాక లాగుడు తగ్గింది. తర్వాత నీళ్ళు వాళ్ళని పక్కకి, ఒడ్డు వెంబడి జరిపాయి. ఇంకాస్త పోయాక అలలు వెనకనుంచి ఒక్కో తోపు తోస్తూ ఇసుక మీద పడేశాయి. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళిద్దరు వచ్చి జబ్బలు పట్టి పైకి లాగారు.

"ఏ ఊరండి?" అని అడిగాడు ఒకాయన.

"పర్చూరు పక్క."

"కాలువ ఈతా?"

యలమంద తల ఊపాడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. ఎందుకిచ్చాడా అని కిందకి చూసుకుంటే పంచె లేదు. సముద్రం తీసుకుంది. చారల డ్రాయరుతో, ఆ తువ్వాలు చుట్టుకుని, కార్తీక పౌర్ణమి నాడు చీరాల తీరం పొడుగునా జనం మధ్య నడుచుకుంటూ అతను తన గుంపు దగ్గరికి చేరాడు. నజ్మీన్ సిలార్‌ని పట్టుకుని ఏడుస్తూనే కొట్టింది. తర్వాత యలమంద వైపు తిరిగి, "మీరు దిగితే ఈయన దిగుతాడని తెలీదా అన్నయ్యా?" అంది. వెంకటరావమ్మ మొగుణ్ణి తేరిపార చూసి, అతని తల తుడిచింది. మంచినీళ్ళు లేక అందరికీ దారి పొడుగునా నాలుక పిడచగట్టింది.

మనిషి మారాలంటే ఇంతకంటే ఏం కావాలి? మారాడు కూడా. ఆటో పర్చూరు చేరకముందే, తల ఇంకా తడారకముందే, యలమంద బుర్రలో కొత్త ఉపన్యాసం తయారైంది. జీవితం ఒక సముద్రం. నిదానంగా కనిపించే చోటే లాగుతుంది. లాగినప్పుడు ఎదురీదేవాడు మునుగుతాడు. పక్కకి ఈదాలి. ఇక్కడ ఒక క్షణం ఆగి, చెయ్యి పక్కకి చాపాలి. చావు నోట్లోంచి బయటపడీ పడగానే తనేం చేస్తున్నాడో అతనికి తెలియకపోలేదు. సిగ్గుపడుతూనే చెయ్యి ఎంత ఎత్తులో చాపితే బాగుంటుందో ఆలోచించాడు.

ఆ ఆదివారం వనభోజనాల్లో మైకు దొరికింది. ఇంత బాగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. పంచె పోయిన సంగతి కూడా చెప్పి నవ్వించాడు. పులిహోర పెట్టేవాళ్ళు గరిటెలు ఆపి విన్నారు. "ఎదురీత పక్కకీత అయిందిరోయ్" అని ఎవరో కేకేస్తే అందరితో పాటు అతనూ నవ్వాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు పట్టుకుని, కళ్ళు తెరిపించావన్నారు.

మర్నాడు పొద్దున్నే లేచి, కొత్త మందు డబ్బా సంచిలో వేసుకుని, మిరప చేలోకి పోయి పంపు భుజానికెత్తుకున్నాడు.

వెంకటరావమ్మ వెనకే వచ్చి గట్టు మీద నిలబడింది. అతను పంపు ఆపాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే తిరిగి అనడానికి నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"నిన్న అంతమందికి చెప్పావు. బాగా చెప్పావు," అంది.

"మరి?"

"మరి ఈ చేను సంగతేంది?"

"అది వేరు, ఇది వేరు. నేను దున్నేస్తే సిలార్ గాడు..."

"ఆ నీళ్ళల్లో వాడు నీ ఎనక వస్తుంటే ఏమని అరిచావో గుర్తుందా? నా ఎనక రాబాకరా, ఎనక్కి పో అన్నావు. ఒడ్డున నాకు వినపడింది. అక్కడ వాడు పోతాడని అంత భయపడ్డావు గదా. ఇక్కడెందుకు అరవ్వు?"

సిద్ధం చేసుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. యలమంద పంపు దించి గట్టున పెట్టాడు. ముడుచుకున్న ఆకుల మీద మందు చుక్కలు నిలిచి మెరుస్తున్నాయి. అతనికి ఏడుపొచ్చింది. చేను పోయినందుకు కాదు. ఇన్ని రోజులు పోయిన చేనుకి ఎదురుగా బారలు వేస్తూ, వెనక ఇంకొకణ్ణి కూడా లాక్కుపోతున్నందుకు. పెళ్ళాం ముందు ఏడవడం నామోషీ అనిపించి చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకున్నాడు. ఆవిడ నమ్మలేదు.

కోటేష్‌కి ఫోన్ చేశాడు. అతనిది ఊళ్ళోనే ట్రాక్టరు, రోటవేటరు.

"బాబాయ్, ఏ చేను?" అన్నాడు కోటేష్.

"మిరప."

"నీదేనా?"

"నాదేరా. తొందరగా రా, మళ్ళీ మనసు మారిపోద్ది."

ట్రాక్టరు చేల మధ్య పుంతలో దిగేసరికే సంగతి ఊరంతా పాకింది. గట్ల మీద మనుషులు మొలిచారు. ఎవరూ ఏమీ అనడం లేదు, అదే అన్నింటికంటే కష్టంగా ఉంది. యలమంద వాళ్ళ వైపు తిరిగి, వాళ్ళకా శ్రమ లేకుండా తనే గట్టిగా చెప్పాడు. "చేతులెత్తేశానబ్బాయ్. అందరూ చూసుకోండి." ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి కాస్త తేలికైంది.

రోటవేటరు ఒక్క చాలు తిరిగింది. పచ్చగా ఉన్న వరస ఒకటి నల్లటి మట్టిలో కలిసిపోయింది. రెండో చాలు కోసం కోటేష్ బండి తిప్పుతుండగా పక్క చేలోంచి సిలార్ పరుగున వచ్చాడు. చెప్పులు లేవు, లుంగీ ఎగ్గట్టి ఉంది. వచ్చి, దున్నిన చాలు వంకా, యలమంద మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

"పీకేస్తున్నావా అన్నా?" అన్నాడు.

"పీకేస్తున్నారా. ముందే పీకాల్సింది. నన్ను నమ్ముకుని నువ్వు కూడా ఇన్నాళ్ళు మందులు కొట్టి..."

సిలార్ అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. గాలంతా బయటికి వదిలాడు. "హమ్మయ్య," అన్నాడు.

"హమ్మయ్యేందిరా?"

సిలార్ చెప్పాలా వద్దా అన్నట్టు వెంకటరావమ్మ వైపు చూశాడు. తర్వాత మెడ గోక్కుంటూ చెప్పాడు. "నేను మందు కొట్టక చాలా రోజులైందన్నా. దసరా ఎల్లినకాడ్నుంచి ఉత్త నీళ్ళే కొడుతున్నా."

"నీళ్ళా?"

"చేను పోయిందని నజ్మీన్ అప్పుడే చెప్పింది. నాక్కూడా తెలుసు. కానీ నీ కంటే ముందు నేను దున్నితే, యలమందన్నకి లేని తొందర నీకేందిరా అంటారు. నీ పక్క చేనోణ్ణి నేను. నేనే వదిలేస్తే ఊళ్ళో నీ మాట ఏమైపోద్ది? అందుకని నీ పంపు మోత వినపడినప్పుడల్లా నేనూ ఏసేవాణ్ణి. నువ్వు ఒంటరోడివి కాకుండా."

యలమంద లెక్క చూసుకున్నాడు. సిలార్ కోసం తను ఆగాడు. తన కోసం సిలార్ ఆగాడు. వాడి నేల కౌలు నేల. శనగ వెయ్యాల్సిన పదును రోజూ కాస్త కాస్త ఆరిపోతుంటే, వాడు మధ్యాహ్నాల పూట నీళ్ళ పంపు మోసుకుని తన పరువు కాపలా కాశాడు. ఇదంతా త్యాగమనుకుని పొంగిపోయింది తను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వింతగా ఒక దగ్గు వచ్చింది.

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదరా ఎదవా!"

"నువ్వెప్పుడూ అడగలా గదన్నా," అన్నాడు సిలార్. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నదే చెప్పాడు.

యలమంద ఆలోచించాడు. ఈ గట్టు మీద నిలబడి సిలార్‌కి తను చెప్పిన మాటలు ఎన్నో లెక్కలేదు. విత్తనం గురించి, రాజకీయం గురించి, ధైర్యం గురించి. అడిగిన మాట ఒక్కటైనా ఉందా అని వెతికాడు. దొరకలేదు. అలా వెతికేకొద్దీ మొహం కాలిపోసాగింది. చీరాల ఇసుకలో పంచె లేకుండా నడిచినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు.

ట్రాక్టరు మీద నుంచి కోటేష్ కేకేశాడు. "బాబాయ్! మధ్యాహ్నానికి నేను ఇంకో ఊరు పోవాల. మళ్ళీ నాలుగు రోజుల దాకా రాను. ఇద్దరివీ కుదరవు, ఇయ్యాల ఒక్క చేనే అయిద్ది. తొందరగా తేల్చండి."

నాలుగు రోజులంటే పదును ఉండదు. ఆ సంగతి గట్టు మీద ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆరిన నేలలో శనగ వేస్తే సగం గింజలు మొలకెత్తవు.

యలమంద గొంతు సవరించుకున్నాడు. ఏదో గొప్ప మాట అనబోతున్నాడనుకుని గట్ల మీది జనం చెవులు రిక్కించారు. అతనికి కూడా రెండు మూడు గొప్ప మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని మింగేశాడు.

"సిలారూ, ఏది దున్నమంటావురా? నాదా, నీదా?" అని అడిగాడు.

సిలార్ నోరు తెరిచాడు. 'నీ ఇష్టం అన్నా' అంటాడని యలమందకి తెలుసు. అంటే, సరేలే అని తన చేనే దున్నించేయొచ్చని మనసులో ఒక మూల ఆశ కూడా కదిలింది. ఇంత జరిగాక కూడా కదిలింది. తనని తానే చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

సిలార్ తన చేను వంక చూశాడు. ఊళ్ళో మిషను ముందు కూర్చున్న నజ్మీన్‌ని చూస్తున్నట్టు ఇంకాస్త దూరం చూశాడు. అన్న వైపు తిరగలేదు.

"నాది," అన్నాడు.

యలమంద కోటేష్‌కి చెయ్యి ఊపాడు. ట్రాక్టరు గట్టు దాటి సిలార్ చేలోకి దిగింది. సిలార్ దాని వెనకే పరుగెత్తాడు. చూడ్డానికి వచ్చిన జనం కూడా అటు జరిగిపోయారు, ఇటు చూసేందుకు ఇంకేమీ లేదు కదా.

వెంకటరావమ్మ కొంగు నడుముకి దోపుకుని రెండో వరస దగ్గర వంగింది. పదును ఉండగానే చేత్తో పీకడం మొదలుపెట్టింది. యలమంద కూడా వెళ్ళి ఆవిడ పక్క వరస దగ్గర వంగి, ఒక మిరప మొక్కని మొదట్లో పట్టుకున్నాడు. దసరా నుంచి భయపడుతున్న పని అది. బలమంతా కూడదీసుకుని లాగాడు. అంత బలం అక్కర్లేకపోయింది. మొక్క వేళ్ళతో సహా చేతిలోకి వచ్చేసింది, అతను వెనక్కి కూలబడ్డాడు.